టై గుడ్డ అంతా క్రాసే

(న్యూజెర్సీలో ఒక లైబ్రరీ హాల్లో, కుట్టుపని మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళతో మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

నమస్కారమండీ. వెనక వరసదాకా వినిపిస్తోందా? వినిపిస్తే ఈ మైకు పక్కన పెట్టేస్తాను. పాత టైలు విప్పి వాటితో బట్టలు ఎలా కుట్టుకోవాలో, రెండు చేతులూ ఖాళీగా లేకపోతే చెప్పడం నా వల్ల కాదు.

బల్ల మీద ఈ కుప్ప చూశారు కదా. అన్నీ ఇక్కడి థ్రిఫ్ట్ స్టోర్లలో, అంటే వాడేసిన వస్తువులు అమ్మే దుకాణాల్లో, కొన్న టైలే. ఒక్కోటి రెండు మూడు డాలర్లకు దొరుకుతుంది. కొన్నింటి లేబుల్ మీద ఇటలీ అని, వంద శాతం సిల్క్ అని రాసి ఉంటుంది. ఇంత మంచి పట్టు ఇంత చవగ్గా ఎందుకు వస్తోందంటే, కట్టుకునేవాళ్ళు లేరు. ఒకప్పుడు తెల్ల చొక్కా, ముదురు సూటు, టై అంటే ఐబీఎం ఉద్యోగి అని దూరం నుంచే చెప్పేవాళ్ళు. అలాంటి కంపెనీయే 1995లో ఆ కట్టుబాటును సడలించింది. 2008లో అమెరికా టై తయారీదారుల వాణిజ్య సంఘమే మూతపడింది, సభ్యులు బాగా తగ్గిపోయారని. బ్రిటన్‌లోనైతే 2007లో ఆరోగ్య శాఖ ఆసుపత్రుల్లో రోగుల్ని చూసే డాక్టర్లు టై కట్టుకోకపోవడమే మంచిదని చెప్పింది, వేలాడే టై మంచం మీది నుంచి మంచం మీదికి క్రిములు మోస్తుందని. ఆ తర్వాత కరోనా వచ్చి ఇంటి నుంచి పని మొదలైంది. మిగతాది మీకు తెలుసు.

మన ఇళ్ళలో చూసినా అంతే. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి కొన్నది ఒకటి, రిసెప్షన్ సూటుతో పాటు వచ్చింది ఒకటి, ఫాదర్స్ డేకి పిల్లలు ఇచ్చినవి నాలుగైదు. హ్యాంగర్‌కి వేలాడుతూనే ఉంటాయి. అడిగితే ఇవ్వరు, కట్టుకోమంటే కట్టుకోరు.

టైలతో బట్టలు కుట్టడం ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో క్రేజీ క్విల్ట్‌లు అనే అతుకుల బొంతలు బాగా నడిచాయి. ఒక వరసా వాడీ లేకుండా పట్టు ముక్కలు అతికి, అతుకుల మీద ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు. వాటిలో మగవాళ్ళ టై ముక్కలు కనిపిస్తాయి. మరో రకం డ్రెస్డెన్ ప్లేట్, 1920లు, 30ల్లో ఇంటింటా కుట్టారు. పళ్ళెం చుట్టూ రేకులు పేర్చినట్టుంటుంది, టై మొన ఆ రేకుకి అచ్చంగా సరిపోతుంది. 1970ల్లో వెడల్పు టైలు ఫ్యాషన్‌లోకి వచ్చినప్పుడు, పాత సన్న టైలన్నీ కలిపి పొడుగు స్కర్టులు కుట్టుకున్నారు. పాత బట్టని పారేయకుండా ఇంకోటి చేసుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, బొంత మీద పడుకుని పెరిగినవాళ్ళం. అయితే ఇక్కడో తేడా ఉంది. బొంతలోకి వెళ్ళే పాత చీర, పాత పంచె నేత దారిలో తిన్నగా ఉన్న గుడ్డ. ఎటు కత్తిరించినా, ఎలా అతికినా ఊరుకుంటుంది. టై ఊరుకోదు. ఎందుకు ఊరుకోదో తెలిస్తే ఈ పనిలో ముప్పావు వంతు తెలిసినట్టే.

ఇదిగో, ఒక టై విప్పుతూ చెప్తాను. వెనక్కి తిప్పితే మధ్యలో నిలువునా ఒక అతుకు కనిపిస్తుంది. రెండు చివర్ల దగ్గరా అడ్డంగా ఒక గట్టి టాకా ఉంటుంది. ముందు దాన్ని కోయాలి. తర్వాత ఈ నిలువు అతుకుని కొంచెం తెరిచి చూడండి, లోపల ఒకటే పొడవాటి దారం వదులుగా, దూరం దూరం కుట్లతో వెళ్తుంది. చేత్తో కుట్టిన మంచి టైలో ఒక చివర దగ్గర ఈ దారాన్ని కాస్త ఎక్కువ వదిలి మెలికలా పెడతారు. ముడి వేసి లాగినప్పుడు టై సాగాలి, విప్పాక మళ్ళీ తన పొడవుకి రావాలి, అందుకని. మనకి అదే కలిసొచ్చింది. దారం కొస పట్టుకుని లాగితే... చూడండి, మొత్తం వచ్చేసింది. కుట్లు తెంపే రిప్పర్ పెట్టి పొడవకండి. పట్టులో ఒక పోగు తెగిందంటే ఆ గీత ఎన్నటికీ పోదు.

లోపల ఇదొక మందపాటి పట్టీ. మంచి టైలో ఇది ఊలు, చవక రకంలో పాలియెస్టర్ కలిసి ఉంటుంది. కొన్నింటి మీద బంగారు రంగు గీతలుంటాయి. చాలామంది అది పట్టు నాణ్యతకి గుర్తు అనుకుంటారు. కాదు, ఆ లోపలి పట్టీ బరువుకి గుర్తు. గీతలు ఎక్కువైతే పట్టీ దళసరి. ఇది పారేయకండి. పర్సుల్లోకి, జాకెట్టు భుజాల ప్యాడ్లలోకి పనికొస్తుంది. రెండు మొనల వెనకా వేసిన ఈ చిన్న అస్తరు ముక్కలూ దాచండి, చాలాసార్లు పైగుడ్డ కన్నా అస్తరే అందంగా ఉంటుంది.

ఇప్పుడు మిగిలింది గుడ్డ. ఇస్త్రీ చేసి పరిస్తే మూడు ముక్కలు కలిపినట్టు కనిపిస్తుంది. ముందు వేలాడే వెడల్పు ముక్క, మెడ వెనక వచ్చే ముక్క, సన్న తోక. 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టై తయారీదారు ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు టైలు ఒకసారి కడితే మెలి తిరిగి ఒక పక్కకి లాగేసేవి. ఈయన గుడ్డని నేతకి 45 డిగ్రీల ఏటవాలుగా, అంటే మన టైలర్ల మాటలో క్రాస్‌లో కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపాడు. అప్పుడు టై తిన్నగా వేలాడింది, ముడి విప్పాక ముడతలు తేరుకున్నాయి. ఇప్పటికీ ప్రపంచంలో మామూలు టైలన్నీ దాదాపు ఇలాగే కోస్తారు.

మీలో జాకెట్లు కుట్టేవాళ్ళు ఎవరున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. క్రాస్ కటింగ్ జాకెట్ ఎందుకు కుడతారు? ఛాతీ దగ్గర గుడ్డ ఒంటికి అమరాలని. తిన్నగా కోసిన గుడ్డ చెప్పినమాట వినదు, క్రాస్‌లో కోస్తే సాగి సర్దుకుంటుంది. పారిస్‌లో మడెలిన్ వియోనే అనే డిజైనర్ 1920లు, 30ల్లో గౌన్లు గౌన్లే క్రాస్‌లో కోసి పేరు తెచ్చుకుంది. ఆవిడ చేసిందీ, మన ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిడ చేసేదీ ఒకే గుణం మీద ఆధారపడ్డ పని. ఆ గుణం టైలో మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఉంది.

ఇలా పొడవునా పట్టుకుని లాగుతున్నాను, చూడండి. రబ్బరులా సాగుతోంది. ఇప్పుడు ఏటవాలుగా, మూల నుంచి లాగుతున్నాను. కదలదు. పడుగు, అంటే నేతలో నిలువు పోగు, ఎటు వెళ్తోందో కనుక్కోవడానికి కళ్ళు చికిలించి పోగులు లెక్కపెట్టక్కర్లేదు. టై మొన చూడండి, ఆ మూల దాదాపు 90 డిగ్రీలు. దాని రెండు అంచుల్లో ఒకటి పడుగు వెంట, ఇంకోటి పేక, అంటే అడ్డపోగు, వెంట వెళ్తాయి. మొనే మీ కొలబద్ద. ఇంకో సంగతి కూడా గమనించండి. పొడవాటి అంచులు పెద్దగా పోగులు రాలవు, అవి క్రాస్ అంచులు కాబట్టి. మొన దగ్గర మాత్రం కత్తెర తగిలితే చాలు, దారాలు ఊడిపోతాయి. అక్కడ మాత్రం ముందే ఓవర్‌లాక్ గాని జిగ్‌జాగ్ గాని వేసుకోండి.

సరే, ఇంత సాగే గుడ్డతో ఏం కుట్టాలి? అందరికీ ముందు తట్టేది స్కర్టే. టైలు పక్కపక్కన నిలువుగా పేర్చి, సన్న వైపు నడుము దగ్గరికి, మొనలు కిందికి. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. రెండుసార్లు వేసుకునేసరికి నడుము వదులైపోతుంది, కింది అంచు ఒకచోట పైకి, ఒకచోట కిందికి అయిపోతుంది. కుట్టిన మనిషి చెయ్యి బాగోలేదని అనుకుంటారు. చెయ్యి బాగానే ఉంటుంది. గుడ్డ తన బరువుకి తనే సాగింది, పైగా ఒక్కో టై నేత ఒక్కో రకం కాబట్టి ఒక్కోటి ఒక్కో లెక్కన సాగింది.

దీనికి మందు ఫ్యూజింగ్, అంటే వెనక అతికించే జిగురు గుడ్డ. పలచటి, మెత్తటి రకం, ఇస్త్రీతో అంటుకునేది. మన దగ్గర టైలర్లు పేస్టింగ్ అంటారు, అదే. కాలర్లలో వేసే గట్టి బక్రం మాత్రం వద్దు, స్కర్టు అట్టముక్కలా నిలబడుతుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఫ్యూజింగ్‌కి కూడా నేత దారి ఉంటుంది. దాన్ని తిన్నగా కోసి టై వెనక అతికిస్తే టై పొడవునా సాగడం ఆగిపోతుంది. దాన్ని కూడా క్రాస్‌లో కోసి అతికిస్తే గుడ్డ పోగులు నిలుస్తాయి కానీ సాగుడు అలాగే ఉంటుంది. స్కర్టు పై భాగానికి మొదటిది కావాలి. కింద గేరు జారుగా వేలాడాలంటే మొత్తానికి వేయకండి, తుంటి కింద ఆపేయండి. నడుము దగ్గర లోపల ఒక కాటన్ టేపు తప్పకుండా వేసి కుట్టండి. అది లేకపోతే మిగతా కష్టమంతా దండగ.

ఎన్ని టైలు పడతాయని అడుగుతారు. విప్పిన టై వెడల్పు ముక్క మొన పైన 7 అంగుళాల దాకా ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి మూడున్నర, నాలుగుకి వస్తుంది. రెండు పక్కలా కుట్టుకి అర అంగుళం చొప్పున తీసేస్తే కింద 6, పైన 3 అనుకోండి. పన్నెండు టైలు కలిపితే నడుము దగ్గర 36, కింద 72. మామూలు కలీ లంగా లెక్కే. నడుము తక్కువైతే పై అతుకుల్లో ఇంకాస్త లోపలికి వేసుకోండి. టైలు విప్పకుండా మడత మీదే పేర్చి కుట్టేవాళ్ళూ ఉన్నారు, అలాగైతే ఇరవై దాకా కావాలి, బరువు కూడా రెట్టింపవుతుంది. ఎండాకాలం అది కట్టుకుని కూర్చోవడం కష్టం. నేనైతే విప్పమనే అంటాను. ఆరేడేళ్ళ ఆడపిల్లకి లంగా కుట్టాలంటే వెడల్పు ముక్కల్లో కింది సగం చాలు, పై భాగాలు జాకెట్టుకి మిగులుతాయి.

కుట్టేటప్పుడు సూది 9 గాని 11 గాని వేయండి, కొత్త సూది. మొద్దు సూది పట్టులో పోగు లాగుతుంది. అతుకులన్నీ వెడల్పు వైపు నుంచి సన్న వైపుకే కుట్టండి, ఒకటి పైకీ ఒకటి కిందికీ కుట్టారంటే స్కర్టు మెలి తిరుగుతుంది. దారం టెన్షన్ కాస్త తగ్గించండి. మిషన్‌దీ, మీదీ కూడా. (నవ్వులు) అతుకు క్రాస్ మీద పడుతుంది కాబట్టి, సాగినప్పుడు దారం తెగకుండా చాలా సన్న జిగ్‌జాగ్ పెట్టుకుంటే మంచిది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత నల్ల మిషన్ ఉన్నవాళ్ళకి జిగ్‌జాగ్ ఉండదు. వాళ్ళు గుడ్డని ముందూ వెనకా చాలా కొద్దిగా బిగువుగా పట్టుకుని కుట్టండి, చాలు. గుండుసూదులు అతుకు లోపలి భాగంలోనే గుచ్చండి, పట్టు మీద రంధ్రం కనిపిస్తుంది. ఇస్త్రీ పెట్టెని రుద్దకండి. అదిమి ఎత్తండి, పక్కకి జరిపి మళ్ళీ అదమండి. రుద్దితే గుడ్డ మీ కళ్ళ ముందే అలలు తిరుగుతుంది.

ఇక కింద అంచు మడిచే ముందు స్కర్టుని ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీయండి. సాగాల్సింది సాగనివ్వండి. మర్నాడు నేల నుంచి స్కేలు పెట్టి, చుట్టూ సమానంగా సుద్దతో గీసి, అప్పుడు మడవండి. టై మొనలు కింద అలాగే కనిపించాలనుకునేవాళ్ళకి ఈ సర్దుబాటు కుదరదు, వాళ్ళు నడుము దగ్గరే ఎత్తుతగ్గులు సరిచేసుకోవాలి.

ఫ్యూజింగ్ వేయడం నాకు నచ్చని చోట్లు ఉన్నాయి. పట్టు ఒంటికి తగలాల్సిన చోట జిగురు ఎందుకు? అక్కడ ఇంకో దారి ఉంది. నన్నడిగితే ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సింది ఇదొక్కటే. టై నిలువుగా పెడితే దాని నేత ఏటవాలుగా పడుతుంది కదా. మరి టైనే ఏటవాలుగా పెడితే? నేత తిన్నగా నిలబడుతుంది. ఒక వెయిస్ట్‌కోటు ముందు భాగం తీసుకోండి. పలచటి కాటన్ గుడ్డ ఆ ఆకారంలో కోసి, దాని మీద టై ముక్కల్ని భుజం నుంచి నడుముకి 45 డిగ్రీల్లో ఒకదాని పక్కన ఒకటి పేర్చి కుట్టండి. ఒక ముక్కని తిరగేసి పక్కదాని అంచు మీద పెట్టి కుట్టడం, మడిచి అదమడం, దాని మీద ఇంకోటి. ఇప్పుడు పడుగు పైనుంచి కిందికి, పేక అడ్డంగా. మామూలు గుడ్డలాగే నిలబడుతుంది, సాగదు. ఫ్యూజింగ్ అక్కర్లేదు. క్విల్ట్ కుట్టే అమెరికన్ ఆడవాళ్ళు కింద పాత గుడ్డ ఒకటి పరిచి దాని మీదే ముక్కలు కుట్టడం ఎప్పటినుంచో చేస్తున్నారు. అది అలవాటైనవాళ్ళకి ఈ పని మంచినీళ్ళ ప్రాయం.

ఎడమ భాగంలో టైలు ఒక వైపుకి, కుడి భాగంలో ఇంకో వైపుకి వాలితే బొత్తాల దగ్గర V ఆకారం వస్తుంది, చాలా బాగుంటుంది. నిలువుగా పెట్టిన చారల టైలతో కూడా అలాంటి V చేద్దామనుకుంటే మాత్రం ఒక చిక్కుంది. చారల టై ఒకటి తీసుకుని తలకిందులు చేయండి. చార వాలు మారిందా? మారలేదు. ఎలా తిప్పినా అదే వాలు. బ్రిటిష్ పద్ధతి టైలో చార కట్టుకున్నవాడి ఎడమ భుజం నుంచి కిందికి దిగుతుంది, అమెరికన్ కంపెనీలు అలవాటు చేసింది దానికి సరిగ్గా ఎదురు. కాబట్టి నిలువుగా పెట్టే చారల టైల జోడీ కావాలంటే ఒక బ్రిటిష్ టై, ఒక అమెరికన్ టై వెతుక్కోవాలి. థ్రిఫ్ట్ స్టోర్లో రెండూ దొరుకుతాయి. సంబంధం కుదర్చడానికి మాత్రం కాస్త ఓపిక ఉండాలి. (నవ్వులు)

సాగే గుణమే వరమయ్యే పనులు కూడా ఉన్నాయి. మన జాకెట్ మెడకి పైపింగ్, అంటే అంచు చుట్టూ వేసే సన్న పట్టీ, కావాలంటే ఏం చేస్తాం? గుడ్డని ఏటవాలుగా మడిచి, గీతలు గీసి, పట్టీలు కోసి, వాటిని మళ్ళీ అతికి... టై విప్పితే ఆ పని మనకోసం ఎవరో ముందే చేసిపెట్టారు. పొడవు వెంట అంగుళం పావు వెడల్పుతో కోసుకుంటూ పొండి, అన్నీ క్రాస్ పట్టీలే. వెడల్పు ముక్క ఒక్కదానిలోంచి మెడకీ, రెండు చేతులకీ సరిపడా వస్తుంది. కాటన్ జాకెట్‌కి, లినెన్ కుర్తాకి పట్టు పైపింగ్ వేసి చూడండి. ఒక పాత టైతో ఎక్కువ లాభం వచ్చే పని ఇదేనని నా అభిప్రాయం. పన్నెండు టైల స్కర్టు చూసినవాళ్ళు 'అబ్బ, టైలతో కుట్టారా' అంటారు. పైపింగ్ చూసినవాళ్ళు 'జాకెట్ ఎక్కడ కుట్టించారు' అంటారు. నాకు రెండో ప్రశ్నే ఇష్టం.

రంగుల గురించి కూడా చెప్పాలి. టై అనేది ఒక్కటిగా, తెల్ల చొక్కా మీద, నాలుగు అంగుళాల వెడల్పులో కనిపించడానికి వేసిన డిజైను. పన్నెండు పక్కపక్కన పెడితే పన్నెండూ ఒకేసారి అరుస్తాయి. అందుకే సర్కస్ జోకరు డ్రెస్సులా తయారవుతుంది చాలామందికి. ముదురు నీలం, మెరూన్, ఆకుపచ్చ, చిన్న చిన్న చుక్కలున్నవి ఎక్కువ తీసుకుని, మధ్యలో ఒకటో రెండో మాత్రమే మాట్లాడే టైలు పెట్టండి. క్రిస్మస్ టైలు, కార్టూన్ టైలు జోలికి పోకండి. మామిడి పిందెల టైలు దొరికితే వదలకండి. కశ్మీరు శాలువల నుంచి స్కాట్లండ్‌లో పైస్లీ అనే ఊరి మగ్గాల మీదికి వెళ్ళిన డిజైను అది, ఆ ఊరి పేరుతోనే ఇక్కడ చలామణి అవుతోంది. మన ధర్మవరం చీర మీద పిందెలకి ఇటలీ టై మీద పిందెలు జాకెట్‌గా ఎంత బాగా కలుస్తాయో కట్టుకుంటే గాని తెలియదు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండు మూడు. లేబుల్ ఊడిపోయి ఉంటే లోపలి మడత నుంచి నాలుగు పోగులు తీసి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే పట్టు. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలియెస్టర్. పాలియెస్టర్ అంటే చిన్నచూపు అక్కర్లేదు, పిల్లల లంగాలకి ఉతుక్కోవడం తేలిక. పట్టునీ దాన్నీ ఒకే స్కర్టులో కలపకండి, ఒకటి నీళ్ళకి ముడుచుకుంటే ఇంకోటి ముడుచుకోదు. తర్వాత టైని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ముడి పడే చోటు చూడండి. ఏళ్ళ తరబడి కట్టిన టైలో అక్కడ పట్టు నలిగి, పలచబడి, మెరుపు పోయి ఉంటుంది. సూప్ మరకలు పొట్ట దగ్గరే ఉంటాయి, అది వేరే చెప్పాలా. మరీ పాత టై అయితే రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఒకసారి లాగి చూడండి. చిటపటమంటే అక్కడే వదిలేయండి, కుట్టినా నిలవదు.

ఇక ఉతకడం. టైని టైగా ఎప్పుడూ నీళ్ళలో వేయొద్దు. లోపలి ఊలు ముడుచుకుంటుంది, పైన పట్టు అంత ముడుచుకోదు, బయటికి తీస్తే కాకరకాయే. విప్పి, గుడ్డ ఒక్కటే ఉతకాలి. చల్లటి నీళ్ళు, పట్టుచీరలకి వాడినట్టే కుంకుడుకాయ రసం. ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతున్నాయి. తెల్లటి, లేత రంగు టైలకి మాత్రం ఆ రసం పసుపు చాయ ఎక్కిస్తుంది, వాటికి మెత్తటి షాంపూ వాడండి. ఒక్కో టై విడిగా. ఎరుపు, నీలం రంగులు దిగుతాయి, దిగేవి ఉతికిన దగ్గరే దిగనివ్వండి, స్కర్టు అయ్యాక దిగితే ఏడవాలి. పిండకండి, టవల్లో చుట్టి అదిమి, పరిచి ఆరేయండి. రంగు నిలవడానికి వేడి నీళ్ళలో వెనిగర్ పోయమని కొందరు చెప్తారు. వినకండి. ఇక్కడ ఈస్టర్‌కి పిల్లలు గుడ్లకి రంగులు వేసే పద్ధతుల్లో ఒకటి ఏమిటో తెలుసా? పచ్చి గుడ్డుకి పట్టు టై ముక్క బిగించి చుట్టి, వెనిగర్ కలిపిన నీళ్ళలో ఉడికిస్తారు. టై మీది డిజైను మొత్తం గుడ్డు పెంకు మీదికి దిగిపోతుంది. వేడీ వెనిగరూ కలిస్తే పట్టు మీద రంగు ఎంత సుఖంగా బయటికి నడిచి వస్తుందో దాంతో తెలుస్తుంది.

ఇంకో రకం టైలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. పోయిన మనిషి టైలు. ఆమధ్య ఒకావిడ పెట్టె నిండా తెచ్చారు, భర్తవి. ముగ్గురు ఆడపిల్లలకీ తలా ఒకటి ఏదైనా కుట్టమన్నారు. ఇలాంటి పనికి నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. కత్తెర తీసే ముందు అన్నీ పరిచి ఫొటో తీయాలి. ఒక టై మాత్రం విప్పకుండా ఉంచాలి, ఏదో వాళ్ళనే ఎంచుకోమనాలి. ఉతకాలా వద్దా అన్నది కూడా అడగాలి, మనం నిర్ణయించకూడదు. ఆవిడ ఉతకొద్దన్నారు. వెనక ఉండే లేబుల్ పట్టీల్ని వెయిస్ట్‌కోటు లోపలి జేబుల మీద కుట్టాం. పెద్దమ్మాయి అది చూసి ఏడవలేదు, ఈ మరక మా పెళ్ళి రిసెప్షన్‌లోదే అని నవ్వింది. మరకని కోసి పారేయకుండా కావాలనే ముందుకి పెట్టాను, అది ఎవరూ అడగలేదు.

పర్యావరణం గురించి మాట్లాడమని పిలిచినప్పుడు చెప్పారు. నిజం చెప్పాలంటే టై ఎంతండీ, యాభై అరవై గ్రాములు. పన్నెండు టైల స్కర్టుతో భూమి భారం ఏమీ తగ్గదు. ఈ పని కోసమని కొత్త టైలు ఆన్‌లైన్‌లో కట్టలు కట్టలుగా తెప్పించుకునేవాళ్ళని చూస్తే నాకు అర్థం కాదు. దీనికన్నా కొత్త పట్టు గుడ్డ కొనుక్కుని కుట్టుకోవడమే నయం. ఇంట్లో వేలాడుతున్నవి, చుట్టాల దగ్గర పడి ఉన్నవి, దుకాణంలో ఎవరూ తాకనివి. వాటితోనే అందం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు... చీరకి బార్డర్‌గా వేయొచ్చా అంటున్నారు. వద్దమ్మా. చీర అంచు ఐదున్నర మీటర్లు తిన్నగా ఉండాలి, టై సాగుతుంది. కుట్టినప్పుడు బాగుంటుంది, కుచ్చిళ్ళు పోసేసరికి అంచు అలలు అలలుగా లేస్తుంది. ఫ్యూజింగ్ వేస్తే బిరుసై కుచ్చిళ్ళు నిలవవు. అంతగా మనసైతే పమిట చివర వేలాడే కుచ్చుల దగ్గర మొనలు కుట్టుకోండి, అక్కడ సాగినా ఎవరికీ నష్టం లేదు.

వెనక నుంచి ఎవరో అడిగారు, ఇండియాలో పిల్లల స్కూల్ టైలు కట్టలు కట్టలు ఉన్నాయని. అవి పాలియెస్టర్, పొట్టివి. ముడి ముందే వేసి, మెడకి జిప్పో ఎలాస్టిక్కో పెట్టి ఉంటుంది. ముడి లోపల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది తీసేయాలి. విప్పితే వచ్చే గుడ్డ బట్టలకి చాలదు. చారలు గట్టి రంగులు కాబట్టి గుడ్డ సంచులకి చేతులుగా, కొళాయి దగ్గర పనిచేసేటప్పుడు కట్టుకునే ఏప్రాన్‌కి నాడాలుగా బాగా పనికొస్తాయి. రెండు టైలు వీపు వీపు ఆనించి కుడితే ఒక సంచికి ఒక చెయ్యి. మొన కత్తిరించకండి, సంచి మీద పైకి కనిపించేలా పెట్టి చుట్టూ రెండు వరసల కుట్టు వేయండి. బరువు ఆ మొన దగ్గరే పడుతుంది, మొన అంచులు పడుగు, పేకల వెంట ఉంటాయి కాబట్టి అక్కడ వేసిన కుట్టు సాగదు.